నీలం రంగు ‘ఈ’ని పీకేయమన్నారు: ఒక టెండర్ల ఆఫీసు కేసు

ఈ కేసు శ్రీకాకుళం పట్టణంలోని ఒక చిన్న ఆఫీసుది. కాంట్రాక్టర్ల తరఫున ఆన్‌లైన్‌లో టెండర్లు వేయడం, బిల్లులకు కావలసిన కాగితాలు తయారుచేయడం వాళ్ల పని. ఆఫీసు ఎవరిదో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. జిల్లాల్లో చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునేవాళ్లకి ఇది పనికొస్తుందని రాస్తున్నాను. కంప్యూటర్‌తో పాటు వచ్చిన పాత బ్రౌజర్‌ని, అంటే నీలం ‘ఈ’ గుర్తున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని తీసేసినా, దాని వల్ల ఉన్న ప్రమాదం అక్కడే ఉండిపోవచ్చని ఈ కేసులో కళ్లారా చూశాను.

నేపథ్యం

ఆఫీసులో ఆరు సిస్టంలు. రెండింటిలో విండోస్ 7, మిగతా నాలుగింటిలో విండోస్ 10. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అయినా ఆ రెండూ రోజూ నెట్‌లో ఉండేవి. ఒకదాంట్లో డీటీపీ చేసే అమ్మాయి అనూ ఫాంట్లతో తెలుగు టైపింగ్ చేసేది. రెండోది గుమ్మం పక్కన ఉండే పాత సిస్టం. అందులో సీసీ కెమెరాల బొమ్మ చూసేవాళ్లు.

ఇలాంటి ఆఫీసుల్లో అసలు విలువైన వస్తువు కంప్యూటర్ కాదు, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, అంటే కంప్యూటర్‌కి తగిలించి ఆన్‌లైన్‌లో సంతకం వేసే పెన్ డ్రైవ్ లాంటి పరికరం. టెండర్ వేయాలంటే కాంట్రాక్టర్ సంతకం కావాలి. ఆయన సైటు మీద ఉంటాడు. అందుకని డాంగిల్ ఆఫీసులోనే వదిలేసి వెళ్తాడు. ఇక్కడ ఒక స్టీలు డబ్బా నిండా డాంగిల్స్ ఉన్నాయి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, బాల్‌పెన్‌తో పేరు రాశారు. పేరు కింద పిన్ కూడా రాశారు.

ఐటీ చట్టం 2000 ప్రకారం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. ఆ సంతకం వెనక ఉన్న ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకునే బాధ్యత సర్టిఫికెట్ తీసుకున్న మనిషిదేనని అదే చట్టంలో 42వ సెక్షన్ చెబుతుంది. పిన్ రాసిన డాంగిల్ ఒక డబ్బాలో ఉండి, ఆ పక్కనే అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టం ఉంటే, దొంగ ఆఫీసులోకి రానక్కర్లేదు. సిస్టంలోకి వస్తే చాలు.

వచ్చిన సమస్య

2023లో మార్చి బిల్లుల హడావుడి అయిపోయాక ఓనరుగారు ఫోన్ చేశారు. ముందురోజు సాయంత్రం ఒక టెండర్ గడువు దగ్గర పడుతుండగా డీటీపీ అమ్మాయి ఒక విండోస్ 10 సిస్టంలో పీడీఎఫ్‌లు కలుపుతోంది. ఉన్నట్టుండి స్క్రీన్ మొత్తం నీలంగా అయిపోయి, సైరన్ లాంటి మోత, ‘మీ కంప్యూటర్ లాక్ చేయబడింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని ఇంగ్లీషులో ఒక గొంతు. అందరికీ టెన్షన్. పక్క సీటులో ఉన్న అకౌంట్స్ కుర్రాడు నంబరు నొక్కబోతుంటే ఆ అమ్మాయి ఫోన్ లాక్కుని, సిస్టం ప్లగ్ పీకేసింది. ఫైళ్లు పెన్ డ్రైవ్‌లో ఉండబట్టి వేరే సిస్టం నుంచి గడువులోపు అప్‌లోడ్ చేయగలిగారు.

ఆ అమ్మాయి చేసింది సరైన పని. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనబడిందంటేనే అది మోసం. ఫోన్ చేస్తే అవతలివాడు రిమోట్‌గా సిస్టం చూసే యాప్ వేయిస్తాడు. ఆ సమయంలో సిస్టంకి ఒక డాంగిల్ తగిలించి ఉంది.

నేను వెళ్లేసరికి ఓనరుగారు నిర్ణయం తీసేసుకుని కూర్చున్నారు. ఆ పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకుందని కుర్రాడు చెప్పాడు.

“బాబూ, ఈ నీలం ‘ఈ’ నాకొద్దు. అన్నిట్లోంచీ పీకీండి. ఏటి, పీకడానికి అవదా?”

“అవుతుంది మాస్టారూ. ముందు ఇది ఎవరికి ఎందుకు కావాలో చూసి అప్పుడు పీకుదాం.”

“ఎవరికీ అక్కర్లేదు” అన్నారాయన. అది నిజం కాదని మధ్యాహ్నానికే తేలింది.

ఆయన భయం మాత్రం పూర్తిగా సమంజసమైనది. ఎక్స్‌ప్లోరర్ 11 వచ్చింది 2013లో. 2022 జూన్ 15న విండోస్ 10లో దాన్ని మైక్రోసాఫ్టే రిటైర్ చేసింది. 2023 ఫిబ్రవరి 14న తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్ అప్‌డేట్ ద్వారా విండోస్ 10లో పూర్తిగా పనిచేయకుండా చేసింది. అంటే నేను వెళ్లేసరికి ఆ నాలుగు విండోస్ 10 సిస్టంలలో అది తెరుచుకోకూడదు. కానీ పేజీ కనబడింది అలాంటి ఒక సిస్టంలోనే. ఆ ఒక్క విషయం తేలితే మిగతాది తేలుతుందని అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

అంతకుముందు చేసినవి

ఆ సిస్టంలో ఎడ్జ్ లేదు. అంతకుముందు సర్వీసుకి వచ్చిన ఒకాయన, ఎడ్జ్ మన సమాచారం లాగేస్తుందని చెప్పి, ఏదో స్క్రిప్ట్‌తో దాన్ని బలవంతంగా తీసేశాడట. విండోస్ 10లో ఎడ్జ్‌ని తీసేయడానికి మనదేశంలో మామూలు దారి లేదు. 2024లో యూరప్‌లో కొత్త చట్టం వల్ల అక్కడివాళ్లకి మాత్రం ఆ వీలు ఇచ్చారు. పాత ఎక్స్‌ప్లోరర్‌ని మూసేసిన అప్‌డేట్ ఎడ్జ్‌తో పాటు వచ్చేది. ఎడ్జ్ పోయాక ఆ మూత కూడా పడలేదు. మిగతా మూడింటిలో నీలం ‘ఈ’ నొక్కితే ఎడ్జ్ తెరుచుకుంటుంటే, ఇందులో మాత్రం పాత ఎక్స్‌ప్లోరరే నిక్షేపంగా తెరుచుకుంటోంది. భద్రత కోసమని కొత్త బ్రౌజర్‌ని తీసేస్తే పదేళ్ల కిందటిది మిగిలింది.

ఇంకో ప్రయత్నం కూడా జరిగింది. ఓనరుగారి మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్‌లో ఒక ఉపాయం చెప్పాడు. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో లేని ప్రాక్సీ (నెట్‌కి వెళ్లే దారిలో మధ్యన ఉండే సర్వర్) అడ్రస్ ఒకటి పెడితే ఎక్స్‌ప్లోరర్ నెట్‌కి వెళ్లలేదు. ఉపాయం మంచిదే, కానీ ఆ ప్రాక్సీ సెట్టింగ్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కదానిదే కాదు. అది విండోస్ మొత్తానికీ ఉన్న సెట్టింగ్, క్రోమ్ కూడా దాన్నే చూస్తుంది. పెట్టిన వెంటనే క్రోమ్ ఆగిపోయింది, టెండర్ సైటు రాలేదు, తీసేశారు. దీన్నిబట్టి నాకు అర్థమైందేమిటంటే ఈ ఆఫీసులో ఏ మార్పు చేసినా ముందు ఒక్క సిస్టంలో చేసి చూడాలి, గడువు లేని రోజున చేయాలి, వెనక్కి తీసుకోగలిగేలా చేయాలి. ఎందుకంటే టెండర్ పని ఆగిందంటే వీళ్లు భద్రతని పక్కన పెట్టి అన్నీ తెరిచేస్తారు. వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

గోడ మీద కాగితం

ఎవరికి ఎందుకు కావాలో తెలుసుకోవడానికి సర్వే ఫారాలు అక్కర్లేదు. ప్రతి సీటు దగ్గరా కూర్చుని, “నీలం ‘ఈ’ ఎప్పుడు నొక్కుతారో ఒకసారి చేసి చూపించండి” అన్నాను. చెప్పమంటే ఎవరూ సరిగా చెప్పలేరు, చేసి చూపించమంటే చేతులే చూపిస్తాయి.

నాలుగు అవసరాలు బయటపడ్డాయి. మొదటిది టెండర్ సైటులో సంతకం. రెండోది ఒక ప్రభుత్వరంగ సంస్థ వెండర్ పేజీ. మూడోది సీసీ కెమెరాల బొమ్మ రికార్డు చేసే డీవీఆర్ పెట్టె. నాలుగోది డెస్క్‌టాప్ మీద ఏళ్ల కిందట పెట్టుకున్న బ్యాంకు షార్ట్‌కట్, అది నేరుగా ఎక్స్‌ప్లోరర్‌నే పిలిచేలా తయారుచేసింది. ఈ నాలుగోది అలవాటు మాత్రమే, అక్కడికక్కడే తీసేశాను.

మొదటిదాని దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. సంతకం చేసే సిస్టం పక్కన గోడకి ఒక లామినేట్ చేసిన కాగితం అంటించి ఉంది. మూలలు ఊడి, పసుపురంగుకి తిరిగింది. అందులో వరస ఇలా ఉంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రమే వాడాలి. జావా వేయాలి. టూల్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీలో యాక్టివ్ఎక్స్ (వెబ్‌పేజీ మన కంప్యూటర్‌లో నడిపే చిన్న ప్రోగ్రాంలు) కింద ఉన్నవన్నీ ఎనేబుల్ చేయాలి. పాప్‌అప్ బ్లాకర్ తీసేయాలి.

ఆ కాగితం రాసిన రోజుల్లో అది తప్పనిసరే. డాంగిల్‌తో మాట్లాడటానికి టెండర్ సైట్లు జావా యాప్‌లెట్ (బ్రౌజర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) వాడేవి. అలాంటి ప్లగిన్లని క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆపేశాయి. ఇక మిగిలింది ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. అందుకే మన ఆఫీసుల్లో అది అంతకాలం బతికింది. దాని మీద ఎవరికీ ప్రేమ లేదు, సంతకం అందులోనే పడేది కాబట్టి వాడారు.

అయితే ఆ టెండర్ సైటు చాలాకాలం కిందటే మారిపోయింది. ఇప్పుడు సంతకం కోసం విడిగా ఒక చిన్న ప్రోగ్రాం వేసుకోవాలి, అది ఏ బ్రౌజర్‌తోనైనా పనిచేస్తుంది. ఆ మార్పు సైటులో ఉంది, గోడ మీద లేదు. క్రోమ్‌లో ఒక పాత టెండర్ పేజీ తెరిచి, డాంగిల్ పెట్టి లాగిన్ చేయించి చూపించాను. అకౌంట్స్ కుర్రాడు నమ్మలేక రెండోసారి చేయించుకున్నాడు. అన్నిటికంటే గట్టి అడ్డంకి అనుకున్నది అప్పటికే లేదు.

కానీ కాగితంలోని మూడో వాక్యం చేసిన నష్టం అలాగే ఉంది. యాక్టివ్ఎక్స్ అన్నీ ఎనేబుల్ చేయమన్నది ఆ ఒక్క సైటు కోసం. చేసినవాళ్లు మనం నమ్మి చేర్చిన సైట్లకే వర్తించే ట్రస్టెడ్ సైట్స్‌లో కాకుండా, మిగతా సైట్లన్నిటికీ వర్తించే ఇంటర్నెట్ జోన్‌లో చేశారు. అంటే ప్రపంచంలోని ప్రతి వెబ్‌సైటుకీ ఆ అనుమతి వర్తిస్తుంది. ఎవరు తయారుచేశారో చెప్పే సంతకం లేని యాక్టివ్ఎక్స్ ప్రోగ్రాంని కూడా అడగకుండా దింపుకునే స్థితిలో మూడు సిస్టంలు ఉన్నాయి. పైగా ఈ జోన్ సెట్టింగులు ఎక్స్‌ప్లోరర్ కిటికీకే పరిమితం కావు. దాని ఇంజన్‌ని లోపల వాడుకునే వేరే ప్రోగ్రాంలకి కూడా అవే వర్తిస్తాయి. కాబట్టి ఎవరు ఏమడిగినా ముందు చేయాల్సింది ఇదే అనుకున్నాను. ప్రతి సిస్టంలో, ప్రతి యూజర్ అకౌంట్‌లో విడివిడిగా ఇంటర్నెట్ జోన్‌ని డిఫాల్ట్ స్థాయికి తెచ్చాను. యూజర్ యూజర్‌కీ ఇవి వేరుగా ఉంటాయి. ఒక అకౌంట్‌లో సరిచేసి మిగతావి మరిచిపోవడం చాలా సులువు.

ఒక సిస్టంలో పీకి చూడటం

ఎడ్జ్ లేని ఆ సిస్టం మీద ఓనరుగారు అడిగినట్టే చేశాను. విండోస్ ఫీచర్స్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 ముందున్న టిక్ తీసి రీస్టార్ట్ చేశాను. నీలం ‘ఈ’ పోయింది, వెతికినా ప్రోగ్రాం దొరకలేదు. ఓనరుగారు సంతోషపడ్డారు.

నా అనుమానం వేరే చోట ఉంది. ఆ దొంగ పేజీ ఎలా వచ్చింది? డీటీపీ అమ్మాయి ఆ సమయంలో బ్రౌజర్ తెరవలేదని గట్టిగా చెప్పింది. ఆమె వాడుతున్నది పీడీఎఫ్‌లు కలిపే ఒక పాత ఉచిత ప్రోగ్రాం. దాన్ని మళ్లీ తెరిపించాను. కింద ఒక ప్రకటనల పట్టీ ఉంది. ఎక్స్‌ప్లోరర్ తీసేసిన తర్వాత కూడా ఆ పట్టీలో బొమ్మలు మారుతూనే ఉన్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో టాస్క్‌లిస్ట్‌కి ఎం స్విచ్ పెట్టి ఎక్స్‌ప్లోరర్ ఇంజన్ ఫైలైన ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ డీఎల్‌ఎల్ పేరు ఇచ్చి చూస్తే, దాన్ని వాడుతున్న ప్రోగ్రాంలలో ఈ పీడీఎఫ్ ప్రోగ్రాం పేరు వచ్చింది.

ఓనరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. నీలం ‘ఈ’ అనేది పేజీని మనకి చూపించే కిటికీ మాత్రమే. పేజీని చదివి గీసే ఇంజన్ ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్. అది విండోస్‌లో భాగం. ఫీచర్స్‌లో టిక్ తీస్తే కిటికీ పోతుంది, ఇంజన్ ఉంటుంది. బోర్డు పీకేసినంత మాత్రాన కొట్టు మూసేసినట్టు కాదు.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. విండోస్ 98 నాటికే మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ కిటికీలకీ, హెల్ప్ పేజీలకీ ఈ ఇంజన్‌నే వాడటం మొదలుపెట్టింది. అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద వేసిన కేసులో ఇదే పెద్ద వాదన అయింది. ప్రభుత్వం తరఫు సాక్షి, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్, విండోస్ 98 నుంచి ఎక్స్‌ప్లోరర్‌ని తొలగించే ప్రోగ్రాం తయారుచేసి కోర్టుకి చూపించాడు. అది పైకి దాచిందే తప్ప కోడ్ లోపలే ఉందని కంపెనీ వాదించింది. పాతికేళ్ల తర్వాత శ్రీకాకుళంలో ఒక పీడీఎఫ్ ప్రోగ్రాం కింద పట్టీలో అదే కోడ్ నడుస్తోంది.

ఇంజన్ ఫైలునే తీసేస్తే పోదా అని అకౌంట్స్ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. అలా చేయించే స్క్రిప్టులు ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు, దానికి రెండు కారణాలు. పాత అకౌంటింగ్ ప్రోగ్రాంల రిపోర్టులు, హెల్ప్ ఫైళ్లు దాని మీద ఆధారపడతాయి. ఏది ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. రెండోది, విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్లీ తెచ్చి పెట్టవచ్చు. అప్పుడు అది లేదన్న ధైర్యంతో మనం ఉంటాం, అది ఉంటుంది. మద్దతున్న విండోస్‌లో ఆ ఇంజన్‌కి మైక్రోసాఫ్ట్ ఇంకా ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) ఇస్తూనే ఉంది. కాబట్టి దాన్ని అక్కడే ఉంచి ప్యాచ్ పడనిచ్చి, బయటి సరుకు దాని దగ్గరికి చేరకుండా చూడటం మేలు.

ఫైర్‌వాల్‌లో (ప్రోగ్రాంలు నెట్‌కి వెళ్లకుండా ఆపగలిగే విండోస్ ఏర్పాటు) ఎక్స్‌ప్లోరర్‌ని ఆపడం గురించి కూడా ఆలోచించాను. అది చేసినా పీడీఎఫ్ ప్రోగ్రాం తన సొంత పేరుతోనే బయటికి వెళ్తుంది. ఈ కేసుకి అది సరిపోదు.

పనిచేసింది

ముందు పీడీఎఫ్ ప్రోగ్రాం తీసేసి, పీడీఎఫ్‌శామ్ బేసిక్ వేశాను. ప్రకటనల పట్టీ లేదు, నెట్ లేకుండా నడుస్తుంది, ఆ ఆఫీసుకి కావలసిన కలపడం, విడదీయడం రెండూ చేస్తుంది. జరిగిన సంఘటనకి నేరుగా మందు ఇదే. మిగతావన్నీ ఇలాంటిది మళ్లీ జరగకుండా చేసినవి.

తర్వాత ఎడ్జ్ లేని సిస్టంలో ఎడ్జ్‌ని తిరిగి వేశాను. ఇది ఓనరుగారికి నచ్చలేదు. ఒక బ్రౌజర్ తీసేయమంటే ఇంకోటి పెడుతున్నానని ఆయన బాధ. రోజువారీ పనికి ఫైర్‌ఫాక్స్ డిఫాల్ట్‌గా పెట్టి, ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ చేర్చాను. దొంగ హెచ్చరికల పేజీలు చాలావరకు ప్రకటనల దారిలోనే వస్తాయి కాబట్టి ఇది నిజంగా పనికొచ్చే రక్షణ. ఎడ్జ్ ఉండేది అప్‌డేట్ల కోసం, ఇంకా ఆ ఒక్క వెండర్ పేజీ కోసం. సొంత సమాచారం గురించి ఆయనకున్న పట్టింపు న్యాయమైనదే. ఎడ్జ్‌లో సమాచారం పంపే ఆప్షన్లు ఆయన చేతే ఆఫ్ చేయించాను.

వెండర్ పేజీకి వేరే దారి లేదు. అది యాక్టివ్ఎక్స్ లేకుండా ఫైలు తీసుకోదు. ఇలాంటి పేజీలని పాత ఎక్స్‌ప్లోరర్ ఇంజన్‌తో తెరవడానికే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది. కనీసం 2029 దాకా దాన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో పేజీ అడ్రస్ చేరిస్తే అది 30 రోజులు ఐఈ మోడ్‌లో తెరుచుకుంటుంది, ఆ తర్వాత గడువు తీరుతుంది. నెలనెలా చేర్చుకోవచ్చు కదా అని కుర్రాడు అన్నాడు. నేను దానికి ఒప్పుకోలేదు. ఎవరైనా ఏ సైటునైనా చేర్చుకోగలిగితే, ఫోన్‌లో మోసగాడు చెప్పినా చేర్చేస్తారు. అందుకని ఆఫీసులో విండోస్ 10 ప్రో ఉన్న ఒకే ఒక్క సిస్టంలో పాలసీ (మామూలు యూజర్లు మార్చలేని సెట్టింగ్) ద్వారా సైట్ల జాబితా ఫైలు పెట్టి, అందులో ఆ ఒక్క అడ్రస్ రాశాను. యూజర్లు సొంతంగా ఏ పేజీనీ ఐఈ మోడ్‌లో తెరవలేకుండా ఇంకో పాలసీతో ఆపాను. యాక్టివ్ఎక్స్ అనుమతి ట్రస్టెడ్ సైట్స్‌లో ఆ అడ్రస్‌కి మాత్రమే ఉంది.

ఆ ప్రో సిస్టమే సంతకాల సిస్టం అయింది. అందులో పనిచేసే అకౌంట్‌కి అడ్మిన్ హక్కులు లేవు. మెయిల్ అక్కడ తెరవకూడదు, వాట్సాప్ వెబ్ పెట్టకూడదు. డాంగిల్ సంతకం వేసేటప్పుడు పెట్టి, అయిపోగానే తీసేయాలి. తెల్ల ప్లాస్టర్ల మీది పిన్‌లు ఓనరుగారే స్వయంగా చింపేసి, కాంట్రాక్టర్లకి ఫోన్ చేసి పిన్ మార్పించారు. కొందరు ఒప్పుకోలేదు, “మళ్లీ మళ్లీ నన్నడుగుతారేటి, మీ దగ్గరే ఉంచీండి” అన్నారు. వాళ్ల డాంగిల్స్ తాళం ఉన్న బీరువాలోకి వెళ్లాయి. అది పూర్తి పరిష్కారం కాదు, కానీ గుమ్మం పక్కన డబ్బాలో ఉండటం కంటే నయం.

ఇంజన్ దగ్గరికి చేరే ఫైళ్ల సంగతి అందరూ మరిచిపోయేది. హెచ్‌టీఏ అనే రకం ఫైలు డబుల్ క్లిక్ చేస్తే ఎంఎస్‌హెచ్‌టీఏ అనే ప్రోగ్రాం ద్వారా అదే ఇంజన్‌లో నడుస్తుంది. నడిచేటప్పుడు దానికి బ్రౌజర్ పేజీకి ఉండే కట్టుబాట్లు ఉండవు, మామూలు ప్రోగ్రాం చేయగలిగినవన్నీ చేయగలదు. ఈ ఆఫీసులో దాని అవసరం ఎవరికీ లేదు. అందుకని ఆ రకం ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చాను. ఎంఎస్‌హెచ్‌టీఏ ప్రోగ్రాం బయటికి వెళ్లకుండా ఫైర్‌వాల్‌లో ఆపాను. ఫైలు పేరు చివర అక్షరాలు కనబడేలా విండోస్ సెట్టింగ్ మార్చాను. పీడీఎఫ్ అనుకుని నొక్కేది నిజంగా పీడీఎఫేనా అని చూసుకోవడానికి ఇది కావాలి.

విండోస్ 7 సిస్టంల గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లు వాటి మీద నడవవు. ఫైర్‌ఫాక్స్‌కి కూడా 115తో అదే ఆఖరైంది. అనూ ఫాంట్ల సిస్టం నెట్ వైరు పీకేశాం. టైపింగ్ అక్కడే, ఫైలు పెన్ డ్రైవ్‌లో పక్క సిస్టంకి, అక్కడ స్కాన్ చేశాకే తెరవాలి. అమ్మాయికి మొదట్లో విసుగనిపించింది గానీ తర్వాత అలవాటైంది. కెమెరాల సిస్టంని పూర్తిగా తీసేసి, డీవీఆర్‌కి నేరుగా ఒక పాత మానిటర్ తగిలించాం. అప్పుడే చూస్తే రూటర్‌లో డీవీఆర్‌కి బయటినుంచి దారి తెరిచి ఉంది, పాస్‌వర్డ్ కొన్నప్పటిదే. రెండూ సరిచేశాను.

గోడ మీద పాత కాగితం తీసేసి కొత్తది పెట్టాం. అందులో సంతకం ఎలా వేయాలో తెలుగులో ఉంది, కింద రాసిన తేదీ ఉంది. స్క్రీన్ మీద ఫోన్ నంబరు కనబడితే ఎవరూ ఫోన్ చేయకూడదని, నెట్ వైరు తీసి ఓనరుగారికి చెప్పాలని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఉంది.

దీన్నుంచి నేను పట్టుకెళ్లినవి

తర్వాత జరిగిన రెండు సంగతులు ఈ నిర్ణయాలని బలపరిచాయి. 2024 జూలైలో మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది, లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2024-38112. దాడి చేసేవాళ్లు పీడీఎఫ్‌లా కనబడే షార్ట్‌కట్ ఫైలు పంపేవారు. అది నొక్కితే రిటైరైపోయిన ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుని, ఆఖరికి ఒక హెచ్‌టీఏ ఫైలు నడిచేది. ఐకాన్ నొక్కితే రాని ఎక్స్‌ప్లోరర్‌ని వాళ్లు వేరే దారిలో లేపారు. అలాగే 2025లో కొందరు బాధితుల చేత ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఆన్ చేయించి దాడులు చేశారని తేలాక, అదే ఏడాది అక్టోబర్‌లో ఆ మోడ్‌లోకి సులువుగా వెళ్లే బటన్లని మామూలు యూజర్లకి మైక్రోసాఫ్ట్ తీసేసింది. జాబితాని పాలసీలో బిగించాల్సిన అవసరం ఎందుకో ఇప్పుడు ఎవరైనా అడిగితే ఈ రెండూ చెబుతున్నాను.

నా పని వరసలో మారినది ఒకటుంది. బ్రౌజర్ గురించి ఎవరు పిలిచినా ఇప్పుడు ముందు ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరిచి జోన్లు చూస్తాను. మన జిల్లాల్లో టెండర్లు, పన్నులు, చలానాల పని చేసిన పాత సిస్టంలలో ఆ మూడో వాక్యం వదిలిన గుర్తు తరచూ కనబడుతోంది. ఎక్స్‌ప్లోరర్ వాడటం మానేసిన ఆఫీసులో కూడా ఆ సెట్టింగ్ అలాగే పడి ఉంటుంది, ఎందుకంటే దాన్ని వెనక్కి తిప్పమని ఏ కాగితంలోనూ రాయలేదు.

ఇంకోటి, మినహాయింపు ఇచ్చిన ప్రతిదాని పక్కనా ఎవరి కోసం ఇచ్చామో, మళ్లీ ఎప్పుడు చూడాలో రాసిపెట్టడం. వెండర్ పేజీకి అలా రాశాను కాబట్టే ఆ సంస్థ కొత్త పోర్టల్‌కి మారిన సంగతి తెలిసింది. జాబితాలోంచి ఆ అడ్రస్ తీసేసి, ఐఈ మోడ్‌ని పూర్తిగా ఆపేశాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ కూడా అయిపోయింది. ఆ నాలుగు సిస్టంలలో రెండింటికి విండోస్ 11కి కావలసిన ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పూ ఉన్నాయి. సంతకాల సిస్టం వాటిలో ఒకటి కావడంతో దాన్ని ముందు మార్చాం. మిగతా రెండింటికి కొత్తవి కొనాలా, పొడిగించిన అప్‌డేట్లతో కొంతకాలం నెట్టుకురావాలా అని ఓనరుగారు లెక్కలు వేసుకుంటున్నారు. విండోస్ 11లో ఎక్స్‌ప్లోరర్‌ని మామూలుగా తెరుచుకునే వీలు మొదటినుంచీ లేదు. ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్ మాత్రం ఉంది. అందుకని హెచ్‌టీఏ ఫైళ్లు, జోన్లు, ఫైర్‌వాల్ రూలు, ఈ మూడూ కొత్త సిస్టంలోనూ మళ్లీ చేశాను.